మూడో పిలుపు

చప్పుడు లేదు. పదకొండు నెలల్లో మొదటిసారి నా హెడ్‌ఫోన్‌లో ఆ టక్ లేదు. సెకనుకొకటి, సెకనుకొకటి, వద్దన్నా వచ్చి నా ప్రాణం తీసిన ఆ టక్ ఈ తెల్లవారుజామున లేనే లేదు. దాని వెనక ఇన్నాళ్లూ నక్కి ఉన్న సన్నటి హోరు మాత్రం ఉంది, ఎవరో ఆగకుండా ఇసుక జల్లిస్తున్నట్టు. నాలుగూ ఇరవై. డాబా మీద నేనూ, చాపా, ఇల్లందు మీసేవ సెంటర్లో నేను వాడీ వాడీ పాతబడ్డాక ఇంటికి తెచ్చుకున్న కంప్యూటరూ, మెట్ల మీదుగా కింది గదిలోంచి లాగిన కరెంటు వైరూ, ఆకాశంలోకి నోరు తెరుచుకున్న రేకుల గంపా. నూనె డబ్బాలు కోసి, రేకులు సాపు చేసి, వెల్డింగ్ షాపతన్ని బతిమాలి అతికించుకున్న యాంటెన్నా అది. తండాలో ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు, భద్రు గంప అంటారు. భద్రు నేనే. కింద వాకిట్లో ఇంకో గంప ఇప్పుడే కదిలింది, వెదురుది, మా యాడీది. మా లంబాడీ మాటలో అమ్మను యాడీ అంటాం. ఉగాది వెళ్లి నాలుగు రోజులు, ఇప్పపూలు రాలే కాలం, పశువులు తొక్కకముందే చెట్టు కిందికి చేరాలి, అందుకని ఆమె రోజూ ఈ వేళకే గంప నెత్తిన పెట్టుకుని, కర్ర చేతబట్టుకుని అడవి దారి పడుతుంది. "పోతున్న భద్రూ, చాయ్ పొయ్యి మీదుంది" అంది. నేను వెనక్కి తిరగకుండానే ఊ అన్నాను.

ఆ టక్ చుక్కల్లోంచి వస్తోందని అనుకున్నాను మొదట్లో. నవ్వకండి. చచ్చిపోయిన నక్షత్రాలు కొన్ని గిరగిరా తిరుగుతూ గడియారంలా కొట్టుకుంటాయనీ, వాటిని మొదట విన్నవాళ్లు కూడా ఎవరో పిలుస్తున్నారేమోనని కాసేపు కంగారుపడ్డారనీ చదివినవాణ్ణి, నాకు మాత్రం ఆశ ఉండదా. తొమ్మిది రోజులు అన్నం సయించలేదు. సెంటర్లో ఎవరికో కుల ధ్రువీకరణ పత్రం తీయబోయి తండ్రి పేరు గడిలో ఫ్రీక్వెన్సీ కొట్టాను. ఎవరికైనా చెప్పాలా వద్దా, చెబితే ఎవరికి చెప్పాలి, తహసీల్దారుకా, అని నాలో నేనే వాదించుకున్నాను. పదో రోజు పొద్దున యాడీ తన పాత రేడియోలో విజయవాడ స్టేషను పెట్టుకుని జొన్నపిండి కలుపుతోంది, పాటకూ పాటకూ మధ్య వినబడింది, టక్, టక్. రేడియో లాక్కుని నడిచాను. తండా దాటాక చప్పుడు పెరిగింది, వాగు గట్టు మీద ఇంకా పెరిగింది, భీమ్లా కాకా మొక్కజొన్న చేను దగ్గర చెవులు గింగురుమన్నాయి. గుంజకు కట్టిన బూడిదరంగు పెట్టె, దాని నెత్తిన చిన్న సోలార్ పలక, చేను చుట్టూ తీగ. అడవి పందుల కోసం పెట్టిన కంచె మిషన్ అది, సెకనుకోసారి తీగలోకి ఒక దెబ్బ వదులుతుంది. కాకా మా నాన్నకు తమ్ముడు, నాన్న పోయాక నాకు పెద్ద దిక్కు, ఆయన మంచె మీంచి నన్నూ నా రేడియోనూ చూసి పడీ పడీ నవ్వాడు. "ఏంరా భద్రూ, నీ చుక్కలోళ్లు నా మక్క చేన్ల దిగిన్రా?" వారం రోజులు తండా అంతా అదే మాట. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

ఆ తీగ యాడీకి లెక్కే లేదు. ఇప్పచెట్టు కాకా చేనుకు అవతల ఉంది, రోజూ చీకట్లో ఆ తీగ కిందినుంచే దూరి పోతుంది. భుజానికి తగిలితే తేలు కుట్టినట్టు ఒక్క జలక్, అంతే, చావూ లేదు గాయమూ లేదు. "భీమ్లా, నీ మిషన్ల మన్నుబొయ్య" అని ఒక తిట్టు తిట్టి అవతలికి నడుస్తుంది. నాకు మాత్రం ఆ మిషన్ శత్రువు. ఏటా ఈ నెల్లోనే, ఈ వేళకే, పాలపుంత నడిబొడ్డు మా డాబాకు దక్షిణంగా ఎత్తుకు వస్తుంది, నా గంప నోరు సరిగ్గా దాని కిందే ఉంటుంది, వినాలంటే ఇప్పుడే వినాలి. ఆ ఘడియలో ఈ టక్. నిన్న సాయంత్రం కాకాను బోరు దగ్గర పట్టుకున్నాను, మోటరు హోరుమంటోంది, చేతులు పట్టుకున్నాను. "ఒక్క పొద్దు కాకా, తెల్లారేదాక మిషన్ బంద్ వెట్టు, నీ కాళ్లు మొక్కుత." కాకా నవ్వి నెత్తిన చెయ్యేశాడు. "నీకోసం బంద్ వెడ్త తీయ్." ఇంకా ఏదో కూడా అన్నాడు, పందుల గురించి, యాడీ గురించి, కానీ నాకు కావలసిన మాట అప్పటికే దొరికింది, నేను సైకిలెక్కేశాను.

మంచివాడు కాకా. మాట నిలబెట్టుకున్నాడు. ఈ నిశ్శబ్దం ఆయన పెట్టిన భిక్ష. మానిటర్ మీద గీత మెల్లగా మెత్తబడుతోంది, ఇన్నాళ్లూ టక్ టక్‌మని పళ్లచక్రంలా ఉండేది, ఇప్పుడు నిలిచిన నీళ్లలా ఉంది. కళ్లు మండుతున్నాయి, రెప్ప వేయబుద్ధి కావడం లేదు. ఖమ్మం కాలేజీ గుర్తొస్తోంది, కంప్యూటర్ ల్యాబు, కిటికీ పక్క చివరి మిషన్, మొదటిసారి ఆ తెరను చూసినప్పుడు కూడా ఇట్లాగే రెప్ప వేయలేదు. రంగురంగుల గోడల్లాంటి బొమ్మలు లేస్తూ పడుతూ. ఏమిటని చదివితే, ఎక్కడో సముద్రాల అవతల పెద్ద యాంటెన్నా విన్నదంతా ముక్కలు చేసి లోకంలో అడిగినవాళ్లందరికీ పంచుతున్నారు, నీ కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు ఒక ముక్క వెతికి పెట్టు, అందులో ఎవరిదైనా గొంతు ఉందేమో చూడు, అంటున్నారు. నన్ను. ఫీజు రాయితీ కాగితం మీద పేరు తప్పు పడితే ఆరుసార్లు ఆఫీసు చుట్టూ తిప్పించుకున్న నన్ను, ఆకాశంలో వెతకడానికి సాయం రమ్మంటున్నారు. ఆ రోజు హాస్టల్‌కు నడిచి వెళ్తుంటే కాళ్లు నేల మీద ఆనలేదు. తర్వాత ల్యాబులో ఉన్న కంప్యూటర్లన్నిటిలో దాన్ని ఎక్కించాను, ల్యాబు సారు చూసి చెవి మెలేశాడు, ఒక్కటి ఉంచుకో అన్నాడు. రెండువేల ఇరవైలో వాళ్లు ముక్కలు పంచడం ఆపేశారు. ఆ పొద్దు మా ఇంట్లో ఎవరో దూరమైనట్టే అనిపించింది. ఇక ఎవరో విని పంచిపెట్టేదాకా ఎందుకు, నేనే వింటాను అనుకున్నాను, నూనె డబ్బాలు కొయ్యడం అప్పుడే మొదలుపెట్టాను.

ఏళ్ల తరబడి విన్నా ఎవరూ పలకలేదు కదా అంటారు సెంటర్లో నవ్వేవాళ్లు. ఒకసారి పలికారేమో. నేను పుట్టకముందు, అమెరికాలో ఒక యాంటెన్నాకు డెబ్బై రెండు సెకన్ల పాటు గట్టిగా ఏదో వినబడింది, అచ్చయిన అంకెల పక్కన చూసినవాడు ఎర్ర సిరాతో అబ్బా అన్నట్టు ఒక్క మాట రాసుకున్నాడు. తర్వాత ఎన్నిసార్లు అటు తిప్పి విన్నా మళ్లీ రాలేదు. ఒక్కసారి వస్తే లెక్కలోకి రాదు, మళ్లీ రావాలి, మళ్లీ మళ్లీ రావాలి, అది అక్కడి నియమం. ఈ సంగతి ఒక రోజు యాడీకి చెబితే ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "మరి? మన అడవిల గూడ గంతే గద" అంది. నిజమే. మా తండాలో ఎవరికైనా ఊహ తెలియగానే నేర్పేది అదే. అడవిలో చీకట్లో ఎవరైనా పిలిస్తే మొదటిసారి పలకొద్దు. రెండోసారి పలకొద్దు. నిలబడొద్దు, వెనక్కి చూడొద్దు, అడుగు జోరు చేసి పోతూనే ఉండాలి. మూడోసారి కూడా పిలిస్తే అప్పుడు మనిషి. గాలికి రెండుసార్లకు మించి పిలిచే ఓపిక ఉండదట. యాడీకి అక్క ఉండేది, కమ్లి, పదేళ్లప్పుడు మొదటి పిలుపుకే ఓ అన్నదనీ, మూడు రోజుల జ్వరంతో పోయిందనీ చెప్పి యాడీ ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటుంది. అందుకే ఆమె ఇంతవరకు ఏ చీకటి పిలుపుకూ మూడోది వినకుండా పలకలేదు.

లేస్తోంది. అదిగో, గీత మధ్యలో లేస్తోంది. చలిమంట దగ్గర కూచున్న ముసలాడి వీపులా ముందు చిన్న వంపు, ఇప్పుడు మూపురం, దాని పక్కనే ఇంకోటి, రెండు మూపురాలు. పద్నాలుగు వందల ఇరవై, పాయింటు నాలుగు మెగాహెర్ట్జ్. హైడ్రోజన్. లోకంలో అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా మొదటిది. ఒక్కో పరమాణువు కోటి ఏళ్లకు ఒకసారి ఒక్క గుసగుస వదులుతుంది, అంతే, కానీ లెక్కకు అందనన్ని ఉన్నాయి గనక ఎప్పుడూ ఎవరో ఒకరు గుసగుసలాడుతూనే ఉంటారు. ఆ అల పొడవు ఇరవై ఒక్క సెంటీమీటర్లు. యాడీ జాన కూడా అంతే, స్కేలు పెట్టి చూశాను, గంప మూతి కొలిచేటప్పుడు ఆమె చేతినే వాడుకున్నాను. ఒక మూపురం పాలపుంతలో మనకు దగ్గరి పాయది, రెండోది దాని వెనక పాయది. ఈ వెనకది అక్కడినుంచి బయల్దేరే నాటికి మా వాళ్లు ఎడ్ల మీద ఉప్పు మోసుకుంటూ దక్కనుకు దిగనే లేదు. అప్పటినుంచి నడిచీ నడిచీ, ఎక్కడా ఆగకుండా, దేనికీ తగలకుండా వచ్చి ఇప్పుడు ఒక నూనె డబ్బా రేకుకు తగిలింది. నా రేకుకు. చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. దండం పెట్టుకోవాలనిపించింది. ఇది ఎవరి మాటా కాదు, నాకు తెలుసు, ఇది వట్టి గాలి, వట్టి చోటు. కానీ ఎవరైనా ఉంటే, పిలవాలనుకుంటే, అందరికీ తెలిసిన ఈ చోటికే వచ్చి పిలుస్తారని పెద్దవాళ్ల ఊహ. వాళ్లు వచ్చి నిలబడే వాకిలి ఇది. వాకిలి చూశాను నేను. ఇవాళ వాకిలి చూశాను.

"నా గంపల పువ్వులు వడ్తయ్, నీ గంపల ఏం వడ్తయ్ రా?" అని అడిగేది యాడీ. రేపు కాదు, ఇవాళే చూపిస్తాను, రాగానే మెట్లెక్కించి, ఈ రెండు మూపురాలూ చూపించి, ఇదిగో, ఇవి పడ్డాయి అంటాను. ఒకసారి తనే అడిగింది, వాళ్లు నిజంగానే పిలిస్తే ఏమంటావు అని. ఏమనాలో నాకు తెలియదన్నాను, దాని మీద పెద్ద పెద్ద చర్చలు నడుస్తున్నాయన్నాను. "చర్చలేంది? చీకట్ల ఎవలన్న వస్తే మనమేమంటం? కూణ్ అనాలె." కూణ్ అంటే ఎవరు అని. "కూణ్ అనాలె, ఏ గోత్రం, ఏ తండా అని అడగాలె. రాథోడా, పమారా, చౌహానా. మనోళ్లయితే మంచమేస్తం. కాకుంటే గూడ నీళ్లిస్తం గద." నేను నవ్వాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎంత చదివినా దానికన్నా మంచి మాట నాకు దొరకలేదు. ఆమెకు ఆకాశమంటే భయం లేదు, భక్తి కూడా లేదు, పక్క తండా అంతే. నాకు అది కావాలి, ఆ ధీమా.

రేడియో పక్కనే ఉంది. ఎప్పుడూ ఉంటుంది, టక్ ఉందో లేదో చూసుకోవడానికి. అలవాటుగా తిప్పాను, నిశ్శబ్దాన్ని ఇంకోసారి రుచి చూద్దామని. జుయ్యిమంది. విసుగొచ్చింది, ఇదెక్కడి కొత్త గోల. అటు తిప్పాను, ఇటు తిప్పాను, దక్షిణం పక్క ఎక్కువగా మూలుగుతోంది, మధ్యమధ్య చిటపటమంటోంది, మంచుకు తడిసిన గుంజల మీద నిప్పురవ్వలు చిట్లుతున్నట్టు. ఈ మూలుగు నాకు తెలుసు. లైను తీగకు చెట్టుకొమ్మ తగిలినప్పుడు మూలుగుతుంది ఇట్లాగే. కరెంటు మూలుగు. దక్షిణాన కాకా చేను తప్ప ఏముంది? కాకా చేనులో మిషన్ బంద్. నా కోసం బంద్. మిషన్ బంద్ చేస్తే పందులు? మక్క కంకి పాలు పోసుకుంది, ఒక్క పొద్దు వదిలినా పందులు చేనంతా పొతం పెడతాయి, కాకా ఊరికే వదిలేస్తాడా? అప్పుడు వినబడింది నాకు, నిన్నటి మాట, మోటరు హోరులోంచి, ఒక్కో ముక్కా. మిషన్ బంద్ వెడ్త తీయ్, ఒక్క పొద్దుకు మోటరు కరెంటు తీగకు తగిలిస్త. వదినకు జెప్పు, రేపు అటు రావొద్దని. వదినకు జెప్పు. చెప్పాడు. ఆయన చెప్పాడు, నా చెవిలో పడింది, నేను ఊ అన్నాను కూడా. ఎక్కడో వేల ఏళ్ల దూరాన ఎవరో గుసగుసలాడితే పట్టుకోవడానికి నూనె డబ్బాలు కోసినవాణ్ణి, మూరెడు దూరంలో మా కాకా అరిచి చెప్పిన మాటను వద్దని పారబోశాను.

కాకాకు ఫోన్ చేస్తూనే మెట్లు దిగాను, మోగుతోంది, ఎత్తడు. యాడీకి ఫోన్ లేదు, ఎన్నిసార్లు కొంటానన్నా అడవిల ఎవలతోని మాట్లాడాలె అంది. నాలుగూ ఇరవైకి బయల్దేరింది, ఇప్పుడు ముప్పై, ఆమె నడకకు తీగ దాకా పన్నెండు నిమిషాలు, పదమూడు, గంప బరువు లేదు, పొయ్యేటప్పుడు జోరుగానే పోతుంది. అరవనా? నోరు తెరిచి మళ్లీ మూశాను. ఇక్కడినుంచి అరిస్తే ఒట్టి గొంతే చేరుతుంది, మాట చేరదు, అదేమిటో తెలియదు, ఆమె ఆగదు, వెనక్కి చూడదు, అడుగు జోరు చేస్తుంది. నేను అరిచిన కొద్దీ తీగ వైపు జోరుగా పోతుంది. తండాకూ చేలకూ కలిపి ఒకటే ట్రాన్స్‌ఫార్మర్, వాగుకు ఇవతల, ఇంటినుంచి రెండు వందల అడుగులు. ఉరికాను. కాలికి ఏదో గుచ్చుకుంది, చూసుకోలేదు. నేను చంపాను, నేనే, నేనే, అని లోపల ఒకటే మాట, సెకనుకోసారి, ఆగకుండా. కరెంటు తీసే స్విచ్ హ్యాండిల్ తుప్పుపట్టి కదలలేదు. రెండు చేతులా పట్టుకుని కాళ్లు నేలకు వదిలేసి వేలాడాను. పైన ఖణేల్‌మని విడిపోయింది.

తండా ఆరిపోయింది. వీధి దీపాలు, గుడి ముందరి బల్బు, మా డాబా మీద తెర, ఆ రెండు మూపురాలు, అన్నీ ఒక్కసారే. చీకట్లో నిలబడి తల ఎత్తానో, అదే నా తలను పైకెత్తిందో, పైన పాలపుంత ఉంది. మూపురంగా కాదు, గీతగా కాదు, ఈ అంచునుంచి ఆ అంచుకు, అడవి మీదినుంచి లేచి తండా మీదుగా పొగలా, పాలలా, ముద్దలు ముద్దలుగా, ఇంత ఉందా, ఇంతసేపూ ఇక్కడే ఉందా. నా రేకుల గంపకు తెలిసింది దాని గోరంత కూడా కాదు. ఎంత పెద్దదో అంత మౌనంగా ఉంది. దానికి నా యాడీ తెలియదు, ఆమె జాన తెలియదు, కాకా తెలియడు. భయమేసింది. ఇంత చోటులో ఒక్క మనిషి గొంతు లేకపోతే ఇదంతా ఏం చేసుకోవాలి నేను? కరెంటు తీశాను, ఇక తీగ వట్టి తీగే, కానీ ఎప్పుడు తీశాను, ముందా, తర్వాతా?

వాగు దాటి గట్టెక్కి, ఛాతీ పగిలేట్టు అరిచాను. "యాడీ!"

అడవి తిరిగి పలికింది, ఈ దరినుంచి ఆ దరికి, తర్వాత ఏమీ లేదు. పలకదు. తెలుసు, మొదటిసారికి పలకదు. గట్టు వెంట పరిగెత్తాను, చేను అంచు నల్లగా కనబడుతోంది, ఇప్పపూల వాసన తియ్యగా, మత్తుగా మొహానికి కొట్టింది. "యాడీ!" ఏమీ లేదు. రెండోసారికి పలకదు. పలకకూడదు. ఎక్కడో ఒక పువ్వు రాలింది, ఆకు మీద టప్. అంతే. నిలబడిపోయాను. మూడోసారి పిలవాలి. నోరు రాలేదు. మూడోసారి పిలవనంతసేపూ ఆమె బతికే ఉంది, నియమం ప్రకారం ఊరుకుంది, అంతే. మూడోది కూడా పిలిచి, అప్పుడు కూడా ఈ చీకటి ఇట్లాగే ఉంటే? పెద్ద పెద్ద యాంటెన్నాలు పెట్టుకుని పిలుపు కోసం కూచున్నవాళ్లు ఇన్నేళ్లుగా ఎట్లా తట్టుకుంటున్నారో నాకప్పుడు అర్థమైంది. పైన అదంతా అలాగే ఉంది. చేతులు రెండూ నోటి చుట్టూ గంపలా పెట్టుకున్నాను.

"యాడీ!"

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

"కూణ్?"

చేను అవతలినుంచా, ఇవతలినుంచా, తెలియలేదు, సన్నగా, కాస్త చిరాగ్గా, చీకటి మధ్యలోంచి వచ్చింది. నేను పలకాలి. పేరు చెప్పాలి, తండా చెప్పాలి, తీగ ముట్టకు అని చెప్పాలి. గట్టు మీద కూలబడ్డాను, కన్నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి, మాట రాదు. వినబడిందా నిజంగా? నా చెవులే పలికాయా? ఒక్కసారి వస్తే లెక్కలోకి రాదు.

"కూణ్?" మళ్లీ వచ్చింది. కర్ర నేలకు తాటించిన చప్పుడు కూడా.

నోరు తెరిచాను, వట్టి గాలి వచ్చింది. చీకటి ఆగింది. చుక్కలు ఆగాయి. చేను అంచున ఏదో కదిలింది, నెత్తిన గంప ఉన్న ఒక చిన్న ఆకారం, నా వైపే తిరిగి, ఈసారి కోపంగా.

"కూణ్ రే?"

అప్పుడు పలికాను.